సీఐ పోస్టింగులకు లెటర్లు ఆపండి, శాసనసభలో పోలీసు చట్టం అడగండి
వరంగల్ పోలీస్ కమిషనరేట్ పరిధిలోని శాసనసభ్యులకు బహిరంగ లేఖ

వరంగల్ తూర్పు, వరంగల్ పశ్చిమ, వర్ధన్నపేట, పరకాల, నర్సంపేట, స్టేషన్ ఘన్‌పూర్, జనగామ, పాలకుర్తి శాసనసభ్యులకు, కమలాపూర్ మండలం ఉంది కాబట్టి హుజూరాబాద్ వారికి, భీమదేవరపల్లి, ఎల్కతుర్తి మండలాలు ఉన్నాయి కాబట్టి హుస్నాబాద్ వారికి కూడా,

నమస్కారం.

ఇది ఏ పార్టీనీ ఉద్దేశించి రాసిన లేఖ కాదు. మీలో అధికార పక్షం వాళ్ళున్నారు, ప్రతిపక్షం వాళ్ళున్నారు. నిన్న అటు ఉన్నవాళ్ళు ఇవాళ ఇటు ఉన్నారు. అసెంబ్లీలో దేనికీ కుదరని మీకు ఒక్క విషయంలో మాత్రం ఎప్పుడూ పేచీ రాలేదు. నియోజకవర్గంలో సీఐ ఎవరు, ఎస్సై ఎవరు అన్నది ఎమ్మెల్యే చెప్పాలన్నదే ఆ విషయం. గెలిచిన వాళ్ళు అది తమ హక్కనుకుంటారు. ఓడిన వాళ్ళు వచ్చేసారి తమ వంతు అనుకుంటారు. ఇక ఆ పద్ధతిని తప్పుపట్టడానికి ఎవరు మిగిలారు?

కొత్త సీఐ చార్జి తీసుకుంటాడు. ఒకటి రెండు రోజుల్లో బొకే పట్టుకుని క్యాంపు ఆఫీసుకు వెళ్తాడు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో, కింద 'మర్యాదపూర్వకంగా కలిశారు' అని ఒక లైను. ఆ పోస్టింగ్ ఏ ఎమ్మెల్యే సిఫారసు లెటర్ మీద వచ్చిందో పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు. భూమి పంచాయితీలో అవతలివాడు మీ మనిషైతే ఠాణాకు పోయి లాభం లేదని కూడా తెలుసు.

బొకే అంటే గుర్తొచ్చింది. 2023 డిసెంబరు 3న ఓట్ల లెక్కింపు ఇంకా నడుస్తుండగానే అప్పటి డీజీపీ అంజనీ కుమార్ బొకేతో వెళ్ళి రేవంత్ రెడ్డి గారిని ఇంటి దగ్గర కలిశారు. ఎన్నికల సంఘం ఆ రోజే ఆయన్ని సస్పెండ్ చేసింది. తర్వాత ఎత్తేశారు, అది వేరే సంగతి. అప్పుడు కోడ్ అమల్లో ఉంది, నిజమే. కానీ రాష్ట్ర పోలీసు అధిపతి చేస్తే సస్పెన్షన్ దాకా పోయిన పని సీఐ చేస్తే మర్యాద ఎట్లా అవుతుందో మీరే చెప్పాలి.

ఈ లేఖలో నా మాట ఒకటే. పోలీసులకు నాయకత్వం వహించే పని మీది కాదు. ఆ నాయకత్వం ఏ చట్టం కింద నడవాలో రాసే పని మీది. మొదటిది చేస్తున్నారు, రెండోది వదిలేశారు.

చట్టం సంగతే ముందు చెప్తాను. 'కమిషనరేట్ పరిధిలో నెల రోజుల పాటు సిటీ పోలీస్ యాక్ట్ అమలు' అని తరచూ ప్రకటన వస్తుంది. అనుమతి లేకుండా సభలు, ర్యాలీలు, ధర్నాలు పెట్టొద్దని దాని సారాంశం. ఆ చట్టం పూర్తి పేరు హైదరాబాద్ సిటీ పోలీస్ యాక్ట్, 1348 ఫస్లీ. ఫస్లీ అంటే నిజాం కాలపు సంవత్సరాల లెక్క, దాన్ని మన లెక్కలోకి మారిస్తే 1938-39. అంటే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన రాజధాని నగరం కోసం చేయించుకున్న చట్టం.

ఆ ఏడాది ఏం జరుగుతున్నదో కూడా చూడండి. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్‌ను పుట్టకముందే నిషేధించారు. దాని మీద సత్యాగ్రహం నడిచింది. ఆర్యసమాజం వాళ్ళు వేరే సత్యాగ్రహం చేశారు. విద్యార్థులు వందేమాతరం పాడితే చదువుల నుంచి వెళ్ళగొట్టారు. ఆ ఉద్యమంలో ఉండి, చదువు కోసం నాగ్‌పూర్ దాకా పోవాల్సి వచ్చిన పి.వి. నరసింహారావు గారి ఊరు వంగర. ఆ వంగర ఇప్పుడు భీమదేవరపల్లి మండలంలో ఉంది, మన కమిషనరేట్‌లోనే ఉంది. ఆనాటి హైదరాబాద్ నగరం కోసం రాసిన చట్టం ఇవాళ వంగరలో వడ్లు కొనలేదని రోడ్డు మీద కూర్చునే రైతుకు వర్తిస్తుంది. నిజాం కూడా వంగర దాకా తేలేదు దాన్ని. తెచ్చింది మనం.

వరంగల్‌కు కమిషనరేట్ 2015లో వచ్చింది. అంతకుముందు అర్బన్, రూరల్ అని ఇద్దరు ఎస్పీలుండేవాళ్ళు. 2016 అక్టోబరులో జిల్లాలు విడదీసినప్పుడు కమిషనరేట్ హద్దులు పెరిగాయి. ఇప్పుడు హనుమకొండ, వరంగల్, జనగామ మూడు జిల్లాలూ ఒక్క కమిషనర్ కిందే ఉన్నాయి. 'మనకూ హైదరాబాద్ లెక్క కమిషనరేట్ వచ్చింది' అని ఫ్లెక్సీలు కట్టుకున్నాం. కొత్త బండ్లు వచ్చాయి, బిల్డింగులు వచ్చాయి, షీ టీములు, భరోసా సెంటర్ వచ్చాయి. అవన్నీ మంచివే, ఆడపిల్లల తల్లిదండ్రులు ఆ మాటే చెప్తారు. కానీ బోర్డు మారినప్పుడు అధికారం కూడా చేతులు మారిందని ఎంతమందికి తెలుసు?

ఎస్పీ ఉన్న జిల్లాలో కొన్ని పనులకు ఆయన కలెక్టర్ దగ్గరికి పోవాలి. నిషేధాజ్ఞలు పెట్టాలన్నా, పీడీ యాక్ట్ కింద ఒక మనిషిని విచారణ లేకుండా లోపల పెట్టాలన్నా సంతకం కలెక్టర్‌ది. అడిగేది ఒకరు, ఇచ్చేది ఇంకొకరు. కమిషనరేట్‌లో ఆ రెండు పనులూ ఒకే ఆఫీసులో జరుగుతాయి. పీడీ యాక్ట్ కింద ఏడాది దాకా జైల్లో ఉంచొచ్చు. తెలంగాణలో ఆ చట్టాన్ని ఎడాపెడా వాడుతున్నారని 2023 సెప్టెంబరు 4న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు గట్టిగానే తప్పుపట్టింది. దేవరుప్పుల, పాలకుర్తి, కొడకండ్ల లాంటి పల్లె మండలాలకు మహానగరపు అధికారం ఎందుకు అవసరమైందని మీలో ఒక్కరైనా సభలో నిలదీస్తే బాగుండేది.

దేవరుప్పుల పేరు ఊరికే ఎత్తలేదు. మన కమిషనరేట్ ఉన్న నేల మామూలు నేల కాదు. పోలీసు అంటే ఎవరి మనిషి అన్న ప్రశ్న ఈ దేశంలోనే చాలా గట్టిగా లేచిన చోట్లలో ఇది ఒకటి.

మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్నప్పుడు, 1860ల్లో, జిల్లాలు ఏర్పడి వాటికి పోలీసు వచ్చింది. అయితే సర్కారు పోలీసు ఊరి దాకా రాలేదు. జాగీర్లలో జాగీర్దారుదే రాజ్యం. ఊళ్ళో పోలీసు పటేల్ ఉండేవాడు. ఆ పదవి తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది, ఎన్టీఆర్ ప్రభుత్వం తీసేసే దాకా వస్తూనే ఉంది. దొర ఒకవైపు, పటేల్ ఒకవైపు, వాళ్ళిద్దరూ పిలిస్తే వచ్చే పోలీసు అమీన్ సాబ్ ఇంకొకవైపు. మా పెద్దల తరం పోలీసును చూసిన తీరు ఇది. జిల్లా పోలీసుల కోసం 1329 ఫస్లీలో, అంటే 1919-20 ప్రాంతంలో చట్టం చేశారు గానీ ఊళ్ళో నడిచింది గడీ మాటే.

విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కిన దేవరుప్పుల మండలం కామారెడ్డిగూడెం మనిషి షేక్ బందగీని 1940లో నరికి చంపారు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంట దగ్గరికి అదే దేశ్‌ముఖ్ మనుషులు వస్తే, ఆమెకు అండగా నిలిచింది సంఘం, అంటే ఆంధ్ర మహాసభ, ఠాణా కాదు. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దొర గూండాలు కాల్చితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తర్వాత వచ్చిన పోలీసులు కేసులు పెట్టింది సంఘం నాయకుల మీద. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జెండా ఎగరేయడానికి వచ్చిన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. కామారెడ్డిగూడెం, పాలకుర్తి, కడవెండి, పరకాల, ఈ నాలుగూ ఇప్పుడు ఒకే కమిషనర్ పరిధిలో ఉన్నాయి. మీరంతా ప్రతి ఏడాదీ వీటిలో ఏదో ఒక చోట దండ వేసి మాట్లాడుతారు. కొమరయ్య వర్ధంతి నాడు మాట్లాడే మాట, మర్నాడు సీఐ కోసం రాసే లెటర్, ఈ రెండూ ఒకే చేత్తో ఎట్లా వస్తాయి?

నిజాం పోలీసుల్లో మంచివాళ్ళు లేరని కాదు. 1920 నుంచి 1934 దాకా హైదరాబాద్ కొత్వాల్‌గా, అంటే నగర పోలీసు అధిపతిగా ఉన్న రాజా బహదూర్ వెంకటరామారెడ్డి గారిని ఇప్పటికీ గౌరవంగానే తలుచుకుంటారు. మన రాష్ట్ర పోలీసు అకాడమీకి ఆయన పేరే పెట్టారు. కానీ ఆయన జవాబు చెప్పాల్సింది ఒక్క మనిషికే, నిజాంకు. ఆ రోజుల్లో అదే పద్ధతి. మంచి కొత్వాల్ దొరికితే ఊరి అదృష్టం, లేకపోతే లేదు.

1948 సెప్టెంబరులో సైన్యం వచ్చింది. 1956 నవంబరు 1న మద్రాసు పద్ధతిలో పెరిగిన ఆంధ్ర పోలీసు, నిజాం పద్ధతిలో పెరిగిన తెలంగాణ పోలీసు ఒకటయ్యాయి. మనుషులు కలిశారు, చట్టాలు మాత్రం దేనికది వేరుగానే ఉండిపోయాయి. 2014 జూన్ 2న మళ్ళీ విడిపోయినప్పుడు మన వాటాకు పాత చట్టాలూ పాత మాన్యువలూ వచ్చాయి. అన్ని చట్టాల పేర్లలో 'ఆంధ్రప్రదేశ్' కొట్టి 'తెలంగాణ' రాసుకున్నాం. పోలీసు వ్యవస్థ మొత్తానికి తెలంగాణ తనదంటూ ఒక సమగ్ర చట్టం మాత్రం ఇంతవరకు రాసుకోలేదు. కేరళ 2011లో రాసుకుంది. తమిళనాడు 2013లో ఒకటి చేసింది. అవి గొప్ప చట్టాలని నేను అనను. వాటిలో లొసుగులు చాలానే ఉన్నాయి. అయినా వాటిని అక్కడి సభ చర్చించి చేసింది.

1980ల గురించి చెప్పకుండా వరంగల్ పోలీసు గురించి మాట్లాడలేం. అదంతా ఇక్కడ రాస్తే లేఖ కాదు, పుస్తకం అవుతుంది. ఒక్క రోజు చాలు. 1985 సెప్టెంబరు 3. నక్సలైట్లు చంపిన ఎస్సై యాదగిరిరెడ్డి అంతిమయాత్ర ఊళ్ళో సాగుతోంది. ఆ సమయంలోనే పౌరహక్కుల సంఘం నాయకుడు, పిల్లల డాక్టర్ రామనాథం గారిని కాల్చి చంపారు. ఆ యాత్రలో ఉన్న పోలీసులే చంపారని హక్కుల సంఘాలు అన్నాయి. ఒక ఇంట్లో యూనిఫాం వేసుకుని పోయిన కొడుకు తిరిగి రాలేదు. ఇంకొక ఇంట్లో పిల్లలకు మందు రాసే మనిషి పోయాడు. ఒకరి పేరు అక్టోబరు 21న పోలీసు అమరుల దినం నాడు చదువుతారు. ఇంకొకరి పేరు హక్కుల సభల్లో చదువుతారు. రెండు పేర్లూ ఒకే చోట చదివే సభ నాకు తెలిసి ఈ ఊళ్ళో జరగలేదు. జరిగితే ఎవరికి నష్టమో కూడా నాకు అర్థం కాదు.

ఆ తర్వాత 1989లో నక్సలైట్ల మీదికి పంపే ప్రత్యేక పోలీసు దళం గ్రేహౌండ్స్ వచ్చింది. దాన్ని కట్టిన కె.ఎస్. వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో చంపారు. 1999లో ఇంకో ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్రను ఎస్సార్ నగర్‌లో నడిరోడ్డు మీద చంపారు. ఆ రోజుల్లో ఏదీ ఆలోచించి మాట్లాడే పరిస్థితి లేదు, ఇటు మాట్లాడితే ఇన్‌ఫార్మర్, అటు మాట్లాడితే సానుభూతిపరుడు. ఇప్పుడు ఆ పరిస్థితి లేదు కదా. పోలీసు మీద ఫిర్యాదు వస్తే పోలీసే విచారణ చేయడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్న ఇప్పుడు కూడా అడగకపోతే ఎప్పుడు అడుగుతారు?

ఈ ప్రశ్నకు జవాబు సుప్రీంకోర్టు ఎప్పుడో ఇచ్చింది. ఉత్తరప్రదేశ్ డీజీపీగా చేసిన ప్రకాశ్ సింగ్ 1996లో కేసు వేస్తే 2006 సెప్టెంబరు 22న తీర్పు వచ్చింది. యూపీఎస్సీ ఇచ్చిన ముగ్గురి జాబితా నుంచి డీజీపీని ఎంచుకోవాలి, రెండేళ్ళు ఉంచాలి. ఎస్పీకీ, స్టేషన్ ఇన్‌చార్జికీ అంతే, కనీసం రెండేళ్ళు. పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి బయటి మనుషులతో ఒక అథారిటీ ఉండాలి. మీకు బాగా పనికొచ్చేది ఇంకొకటి ఉంది. డీఎస్పీ, ఆ కింది స్థాయి వాళ్ళ బదిలీలు, పోస్టింగులు డీజీపీ, మరో నలుగురు సీనియర్ అధికారులున్న బోర్డు తేల్చాలి. మళ్ళీ చదవండి. ఆ బోర్డులో ఎమ్మెల్యే కుర్చీ లేదు. అంటే మీ లెటర్ ఆ తీర్పు ముందు చెల్లని కాగితం. పైరవీ అని మన దగ్గర దీనికే పేరు.

రెండేళ్ళ మాట వచ్చింది కాబట్టి పైనుంచి చూద్దాం. రాష్ట్రం వచ్చిన రోజు నుంచి 2022 చివరి దాకా ఇద్దరే డీజీపీలు. అనురాగ్ శర్మ, తర్వాత మహేందర్ రెడ్డి. వాళ్ళ పనితీరు మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది, ఫోన్ ట్యాపింగ్ గొడవ కూడా ఆ కాలం నుంచి మొదలైందే. కుర్చీ మాత్రం నిలకడగా ఉంది. 2023 జనవరి నుంచి 2025 అక్టోబరు మధ్య అదే కుర్చీలో అంజనీ కుమార్, రవి గుప్తా, జితేందర్, శివధర్ రెడ్డి, నలుగురు కూర్చున్నారు. ఇన్‌చార్జి డీజీపీలను పెట్టొద్దని సుప్రీంకోర్టు 2018 జూలైలో చెప్పింది. అయినా అంజనీ కుమార్ గారికి 'పూర్తి అదనపు బాధ్యతలు' అనే కుర్చీయే ఇచ్చారు. అదనపు బాధ్యత మీద ఉన్నవాడు ఎమ్మెల్యే ఫోన్‌కు కాదనగలడా?

కమిషనర్ల సంగతీ అంతే. 2015లో సుధీర్ బాబు గారితో మొదలై 2025లో సన్‌ప్రీత్ సింగ్ గారి దాకా చాలామందే మారారు. 2022 చివర్లో వచ్చిన ఎ.వి. రంగనాథ్ గారికి భూకబ్జా కేసుల్లో పేరొచ్చింది. బాధితులు ఆయన ఆఫీసు ముందు కాగితాలు పట్టుకుని నిలబడ్డారు. ఏడాది కూడా నిండకుండానే, 2023 అక్టోబరులో ఎన్నికల సంఘం హైదరాబాద్, నిజామాబాద్ కమిషనర్లతో పాటు ఆయన్నీ మార్చింది. అప్పటి నుంచి ఇప్పటికీ 'రంగనాథ్ సారు ఉంటే' అనే మాట వింటుంటాం. ఆయనను పొగిడినట్టే ఉంటుంది గానీ, ఆలోచిస్తే అది మన వ్యవస్థను తిట్టడమే. కబ్జాదారు మీద కేసు పెట్టడానికి ఫలానా సారు ఉండాలంటే, ఆ సారు పోయాక కబ్జాదారుకు భయమెందుకు? 1934కు ముందు కొత్వాల్ మీద ఆధారపడ్డట్టే మనం ఇంకా ఆధారపడుతున్నాం.

కానిస్టేబుల్ సంగతి మీరెవరూ ఎత్తరు. లెటర్లు సీఐ నుంచి మొదలవుతాయి గానీ బందోబస్తు మొదలయ్యేది కానిస్టేబుల్ నుంచే. మేడారం జాతరకు వాళ్ళే, మీ సభలకు వాళ్ళే, మీ ఇంటి ముందు ధర్నా జరిగితే వాళ్ళే. వారానికి ఒక సెలవు ఇస్తామన్న మాట ఎన్నిసార్లు విన్నామో. అదీ ఏ చట్టంలోనూ లేదు, వచ్చిన సారు దయ.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. ఒక ఎమ్మెల్యే ప్రైవేటు బిల్లు పెట్టొచ్చు, అది నెగ్గదని నాకూ తెలుసు. అయినా పెట్టండి. అందరూ ఒకే కాగితం మీద సంతకం చేస్తే ఇంకా మంచిది. 1348 ఫస్లీ చట్టం పల్లె మండలాలకు అవసరమా, లేదా జనగామకు ఎస్పీని, కలెక్టర్ సంతకాన్ని తిరిగి ఇవ్వాలా అన్నది చర్చకు పెట్టమనండి. హోం శాఖ ముఖ్యమంత్రి గారి దగ్గరే ఉంది కాబట్టి ప్రశ్న ఎవరికి వేయాలో వెతుక్కునే పని కూడా లేదు. కమిషనరేట్‌లోని ప్రతి స్టేషన్‌లో 2016 తర్వాత ఎంతమంది ఇన్‌చార్జిలు మారారు, ఒక్కొక్కరు ఎన్ని నెలలున్నారు, ఎందుకు మారారు అన్న వివరం సభ ముందు పెట్టమని అడగండి. అది నక్షత్రం గుర్తు ప్రశ్నకు, అంటే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన ప్రశ్నకు, సరిపోయే విషయం. ఆ జాబితా ఒక్కటి బయటికి వస్తే నేను ఈ లేఖలో రాసిన దాంట్లో సగం రాయాల్సిన పనే ఉండేది కాదు.

ఇక లెటర్లు. వాటిని మానడానికి బిల్లు అక్కర్లేదు, జీవో అక్కర్లేదు. రేపటి నుంచి మానొచ్చు. 'నేను సీఐ, ఎస్సై పోస్టింగులకు సిఫారసు చేయను, ఇదివరకు చేసినవి ఇవి' అని మీలో ఒక్కరు ముందుకొస్తే, ఏ పార్టీ అయినా సరే, మిగతావాళ్ళను ఆ మాట అడిగే బాధ్యత మా ఓటర్లం తీసుకుంటాం. బార్ అసోసియేషన్లలో, కాకతీయ విశ్వవిద్యాలయంలో, రిటైర్డ్ ఉద్యోగుల సంఘాల్లో ఈ విషయం పట్టించుకునేవాళ్ళు ఉన్నారు. రిటైరైన పోలీసు అధికారులు కూడా ఉన్నారు, వాళ్ళు బయటికి చెప్పరు గానీ ఈ లెటర్ల బాధ మనకంటే వాళ్ళకే బాగా తెలుసు.

జవాబు ఫోన్‌లో వద్దు, మనుషులతో కబురూ వద్దు. ఈ లేఖ పది మందిలో పెట్టాను, మీ జవాబు కూడా అట్లాగే పెట్టండి. వచ్చే అసెంబ్లీ సమావేశాల ప్రశ్నల జాబితాలో పోలీసు పోస్టింగుల మీద మీ పేరుతో ఒక ప్రశ్న కనిపిస్తే అదే జవాబనుకుంటాను.

ఇట్లు,
హనుమకొండ ఓటరు ఒకరు